విడివిడిగా బాగానే వాయిస్తారు, కలిస్తే గోలగా ఉంటుంది: ఔత్సాహిక వాద్యబృందాన్ని కచేరీకి సిద్ధం చేయడం ఎలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. నల్గొండలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, బడి పిల్లలు కలిపి 18 మంది. వయోలిన్లు 9, వీణలు 3, వేణువులు 2, కీబోర్డు 1, మృదంగాలు 2, ఘటం 1. త్యాగరాజ ఆరాధనకు గంటసేపు వాయించాలి, త్యాగరాజు పంచరత్న కృతులు (నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఒక్కోటి) అయిదూ అనుకుంటున్నారు. ఎవరికి వాళ్లు బాగానే వాయిస్తారు, కలిస్తే గోలగా ఉంటుంది. పాడేవాళ్లను కూడా చేర్చుకోవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

గోలగా ఉండటానికి కారణం సాధన తక్కువవడం కాదు. తొమ్మిది మంది వయోలిన్ వాళ్లు నలుగురైదుగురు గురువుల దగ్గర నేర్చుకుని ఉంటారు. ఒకే సంగతిని (పాట వరుసను మార్చి వాయించే ఒక తీరును) ఒకరు జారుతో, ఒకరు కంపితంతో (ఊపుతో), ఇంకొకరు నిలబెట్టి వాయిస్తారు. విడిగా మూడూ ఒప్పే. కలిపితే మూడు స్వరాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు వినిపిస్తుంది. అందుకని బృందం పని వాయిద్యం పట్టుకోకముందే మొదలవుతుంది. ఏ పాఠాంతరం (ఒకే కృతికి గురువుకో తీరుగా ఉన్నవాటిలో ఏది), ఏ శ్రుతి (షడ్జం ఎంత ఎత్తున), ఏ నడక (ఎంత వేగం) అన్న మూడూ తేల్చుకుని కాగితం మీద పెట్టండి. ఇవి తేలకుండా ఎన్ని ఆదివారాలు కూర్చున్నా ఫలితం ఉండదు.

ముందు పాటల జాబితా తగ్గించండి. పంచరత్నాలు అయిదూ వాయిస్తే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, మీ సమయమంతా దానికే పోతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది రాగాలది. వరాళిలో శుద్ధగాంధారం (గ) బాగా కింద ఉంటుంది, ప్రతిమధ్యమం (మ) బాగా పైకి ఉంటుంది. ఆ రెండు స్థానాలూ తొమ్మిది వయోలిన్ల మీద ఒక్కలా పలికించడం బాగా చేయి తిరిగినవాళ్లకే కష్టం. వరాళిని గురువు నేరుగా నేర్పరాదన్న నమ్మకం సంగతి వేరు, నేను చెప్పేది స్వరస్థానాల గురించే. గౌళ రిషభం కూడా అంతే, మామూలు శుద్ధరిషభం కన్నా కిందికి ఆని, ఒక్క ఊపుతో పలకాలి. ఈ రెండూ ఈ ఏడు వద్దు. నాట కూడా వచ్చే ఏడు చూసుకోవచ్చు.

ఆరభి, శ్రీ రాగాల రెండూ ఉంచుకోండి. ఔత్సాహికులకు ఆరభిని మించింది లేదు. స్వరాలు చాలావరకు తిన్నగా నిలుస్తాయి. గాంధార నిషాదాలు పొట్టిగా, మధ్యమ షడ్జాలకు ఆనుకుని వచ్చి వెళ్లిపోతాయి. పైగా సాధించెనె కృతిలో ప్రతి చరణం తర్వాత 'సమయానికి తగు మాటలాడెనె' తిరిగి వస్తుంది. దారి తప్పినవాళ్లు మళ్లీ కలవడానికి అదే చోటు. ఇలాంటి మజిలీలున్న కృతి బృందానికి పెద్ద రక్ష. శ్రీ రాగంలో 'రి గ రి స' ప్రయోగం ఒక్కటి అందరూ ఒక్కలా పట్టుకుంటే సగం పని అయినట్టే.

గంటకు నేనైతే ఇలా పెడతాను. మోహనలో 'నిన్నుకోరి' వర్ణం 6 నిమిషాలు, హంసనాదంలో 'బంటురీతి' 7, ఆరభి పంచరత్నం 12, దాని వెనక తనియావర్తనం (మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం) 5, శ్రీ రాగ పంచరత్నం 'ఎందరో మహానుభావులు' 12, చివర సౌరాష్ట్రంలో 'నీ నామరూపములకు' మంగళం 2. మొత్తం 44 నిమిషాలు. శ్రుతి చూసుకోవడం, అనౌన్స్‌మెంట్లు, పెద్దల మాటలు కలిస్తే గంట నిండుతుంది. 'ఇంకా టైముంది' అని అప్పటికప్పుడు ఒక పాట కలపడం మాత్రం వద్దే వద్దు.

ఇక పాఠాంతరం. బృందంలో అందరికన్నా నిలకడగా వాయించే ఒక్కరిది తీసుకోండి. అందరికన్నా గొప్పగా వాయించేవాళ్లది అవసరం లేదు. ఆ ఒక్కరు ప్రతి కృతినీ తాళం వేస్తూ నెమ్మదిగా వాయించి ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ పంపాలి. దాంతోపాటు స్వరం రాసిన కాగితం కావాలి. ఒక్కో ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఒక్కో వరుసలో, ఎడమవైపు నంబరుతో, అక్షరాలు పెద్దవిగా రాయండి. నంబర్లు ఎందుకంటే 'ఆ ఎత్తుకునే చోటు నుంచి, అదే, మళ్లీ పైకి వెళ్తుందే అక్కడ' అంటూ వెతుక్కునే బదులు '23 నుంచి' అంటే చాలు. ప్రతి సంగతి ఎన్నిసార్లు వాయించాలో పక్కనే రాయాలి. సంగతుల సంఖ్య తేలకపోతే వేదిక మీద సగం మంది రెండోసారికి, సగం మంది తర్వాతి సంగతికి వెళ్తారు. గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం) కూడా తగ్గించి రాసుకోండి. ఒక స్వరానికి రెండు రకాల గమకం కుదురుతుంటే అందులో సులువైనది ఉంచండి. ఒక్కరు వాయించేటప్పుడు అందంగా ఉండే చిన్న ఊపు తొమ్మిది మంది చేతుల్లో మసకబారిపోతుంది.

వయోలిన్లకు కమాను గుర్తులు కూడా ఆ కాగితం మీదే పెట్టాలి. ఏ స్వరానికి కమాను కిందికి, ఏ స్వరానికి పైకి, ఒక్క లాగుకు ఎన్ని స్వరాలు అన్నది రాయాలి. మధ్యమకాలం (రెట్టింపు వేగం) స్వరాలకు లాగుకు రెండో నాలుగో ఏదో ఒకటి పెట్టుకోండి, కార్వె (స్వరాన్ని సాగదీసి నిలపడం) ఉన్నచోట నిండు కమాను. ఇది చూడ్డానికి బాగుంటుందని చెప్పడం లేదు. కమాను తిరిగే చోట స్వరం కాస్త తెగుతుంది. ఆ తెగడం తొమ్మిది చోట్ల జరిగితే పదాలన్నీ చెదిరిపోయినట్టు వినిపిస్తుంది. పంచమం ఖాళీ తీగ మీదనా, కింది తీగ మీద వేలు పెట్టా అన్నది కూడా ముందే చెప్పండి. ఖాళీ తీగ గణగణమని మోగుతుంది, వేలు పెట్టింది మెత్తగా పలుకుతుంది. రెండూ కలిస్తే ఎవరో అపశ్రుతి పలికినట్టుంటుంది.

శ్రుతి విషయంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఎక్కువమంది వయోలిన్ వాళ్లు కదా అని వాళ్ల శ్రుతే పెట్టేస్తారు. పిల్లలు చాలామంది అయిదు, అయిదున్నర శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ షడ్జం హెచ్చు) సాధన చేస్తుంటారు. కానీ మార్చుకోలేని వాయిద్యాన్ని బట్టి శ్రుతి పెట్టాలి. వేణువు మారదు, ఏ శ్రుతి వేణువు ఆ శ్రుతికే. ఘటం కూడా దాదాపు అంతే. వీణ రెండు నుంచి మూడు దాకా సుఖంగా ఉంటుంది. వయోలిన్ ఎటైనా సర్దుకుంటుంది. అందుకే రెండున్నర శ్రుతి, అంటే డి షార్ప్, మీ బృందానికి సరిపోతుంది. వేణువులు రెండూ రెండున్నరవే కావాలి. మృదంగం తగ్గు శ్రుతిది, పొడవుది కావాలి. హెచ్చు శ్రుతి మృదంగాన్ని అంత కిందికి దించితే నాదం చచ్చిపోతుంది. పిల్లల దగ్గర ముప్పావు సైజు, అర సైజు వయోలిన్లు ఉంటే రెండున్నరలో తీగలు వదులై కీచుమంటాయి. వాళ్లకు మూడు నెలలకు పెద్ద వయోలిన్ ఎవరిదైనా అడిగి ఇప్పించండి, లేదా కాస్త మందం తీగలు వేయించండి. ఘటం షడ్జానికి కలవకపోతే దాన్ని పక్కన పెట్టి ఖంజీర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న డప్పు) తీసుకోండి. ఖంజీర ఖచ్చితంగా షడ్జంలో లేకపోయినా చెవికి గుచ్చుకోదు, ఘటం గుచ్చుకుంటుంది.

అయిదున్నర నుంచి రెండున్నరకు దించిన తీగలు రెండు మూడు రోజులు నిలకడగా ఉండవు. కాబట్టి మొదటి రిహార్సల్‌కు వారం ముందే అందరూ దించుకుని రావాలి. ఇంట్లో సాధన కూడా రెండున్నరలోనే చేయాలి.

శ్రుతి చేసుకునే క్రమం ఇది. ముందు వేణువు వాళ్లు అయిదు నిమిషాలు ఊది గొట్టం వెచ్చబెట్టాలి. చల్లటి వేణువు కిందికి పలుకుతుంది. ఆ తర్వాత వేణువు షడ్జానికి ఎలక్ట్రానిక్ తంబూరాను చిన్న మీటతో సరిచేయాలి. తంబూరాకు వీణలు, వీణల తర్వాత వయోలిన్లు, అందరికన్నా చివర మృదంగం. తంబూరా ఒక్కటే ఉండాలి. ఇంకొకరు ఫోన్‌లో యాప్ పెడితే రెండింటి మధ్య చిన్న తేడా ఉన్నా చాలు: ఒకటి 311 హెర్ట్జ్, ఇంకొకటి 313 అయితే సెకనుకు రెండు సార్లు గాలి ఊగినట్టు వినిపిస్తుంది. ఆ ఊగుడు మధ్య ఎవరికీ శ్రుతి కుదరదు. ఇంట్లో ట్యూనర్ యాప్ వాడేవాళ్లు అది 440 మీదే (ఎ స్వరం 440 హెర్ట్జ్) ఉందో లేదో చూసుకోవాలి, కొందరి ఫోన్లలో వేరే అంకె పెట్టి ఉంటుంది.

రిహార్సళ్లు దసరా, బతుకమ్మ అయ్యాక మొదలుపెట్టండి, అంతకుముందు పెడితే సగం మంది రారు. ఆరాధన పుష్య బహుళ పంచమికి కాబట్టి జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో పడుతుంది. సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్తారు, పిల్లలకు పరీక్షలుంటాయి. ఆ రెండూ ముందే తీసేసి పన్నెండు వారాలు లెక్క వేసుకోండి. మొదటి రెండు వారాలు పాఠాంతరం, కాగితాలు, శ్రుతి. తర్వాతి నాలుగు వారాలు వీణలు వేరు, వయోలిన్లు వేరు, వేణువులు వేరు. ఆ తర్వాత అందరూ కలిసి. మృదంగం మాత్రం మూడో వారం నుంచే రావాలి. 'చివరి వారం వచ్చి వాయిస్తారులే' అన్న ఏర్పాటు చాలా బృందాలను ముంచుతుంది. లయ ఆధారం లేకుండా నేర్చుకున్నవాళ్లు మృదంగంలో మొదటి తీర్మానం (ముగింపు జతి) వినగానే తాళం వదిలేస్తారు.

రెండు గంటల రిహార్సల్‌లో మొదటి పావుగంట శ్రుతికి, మరో పావుగంట ఆ రోజు రాగంలో సరళి, జంట వరుసలు (తొలి పాఠాల అభ్యాసాలు) మూడు కాలాల్లో (ఒకటి, రెట్టింపు, నాలుగింతల వేగం). ఇది అందరూ కలిసి ఒకే కమానుతో వాయించాలి. తర్వాత నలభై నిమిషాలు కష్టమైన ఆవర్తాలు, పది నిమిషాలు చాయ్, చివరి నలభై నిమిషాలు మొత్తం. ప్రతిసారీ పల్లవి నుంచి మొదలుపెట్టకండి. మొదటి నుంచి మొదలుపెట్టి మధ్యలో ఆగుతూ పోతే పల్లవి వందసార్లు, ఆఖరి చరణం పదిసార్లు వాయించినట్టవుతుంది. కచేరీలోనూ అలాగే వినిపిస్తుంది, మొదట ధీమా, చివర తడబాటు. చివరి చరణం నుంచి వెనక్కి రండి. ఈ వారం ఆఖరి చరణం, వచ్చే వారం దాని ముందుది కలిపి, అలా.

నడక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఔత్సాహిక బృందాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. కాలప్రమాణం అంకెగా రాసుకోండి. నిమిషానికి 60 అక్షరాలంటే (తాళం లెక్కలు) ఆదితాళం ఒక ఆవర్తానికి 8 సెకన్లు, పది ఆవర్తాలకు 80 సెకన్లు. రిహార్సల్ రికార్డు చేసి మొదటి పది ఆవర్తాలు, చివరి పది ఆవర్తాలు గడియారం పెట్టి కొలవండి. చివరివి 72 సెకన్లు వస్తే మీరు 60 నుంచి దాదాపు 67కి పరుగెత్తారన్నమాట. ఎందుకు పరుగెత్తుతారో కూడా ఆ రికార్డులోనే దొరుకుతుంది. కష్టమైన చోట అందరూ జాగ్రత్తగానే ఉంటారు. పరుగు మొదలయ్యేది కార్వెల దగ్గర. నాలుగు అక్షరాలు నిలవాల్సిన స్వరం మూడున్నరకే వదిలేసి తర్వాతి దాంట్లోకి దూకుతారు. దీనికి మందు ఏమిటంటే, ఆ కార్వె ఉన్న ఆవర్తాలు మాత్రం వాయిద్యం పక్కన పెట్టి, నోటితో స్వరం పాడుతూ చేత్తో తాళం వేయించాలి. పాడేటప్పుడు ఊపిరి పట్టి నిలిపినవాళ్లు కమానుతోనూ నిలుపుతారు. మొదటి నెల 50 దగ్గరే ఉండండి, వేదిక మీదికి 66 దాటకండి.

ఎత్తుగడ దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి. కృతి సమంలో (తాళం మొదటి దెబ్బతోనే) మొదలవుతుందా, అనాగతమా (ఆ దెబ్బ తర్వాతా), ఎంత ఆగి ఎత్తుకోవాలి అన్నది కాగితం మీద మొదటి వరుసలోనే ఉండాలి. నాయకుడు నాలుగు అక్షరాలు చేత్తో వేసి చూపించాలి, తల ఊపడం చాలదు. తాళం వేసే బాధ్యత ఒక్కరిదే. ఇద్దరు వేస్తే ఇద్దరి మధ్య పిసరంత తేడా ఉంటుంది, ఎవరికి దగ్గరగా ఉన్నవాళ్లు వాళ్లను చూస్తారు.

పంచరత్నాల చరణాల్లో స్వరం, సాహిత్యం ఒకే ధాతువులో (ఒకే స్వరాల వరుసలో) ఉంటాయి. పాడేటప్పుడు అది అందం. వాయిద్యాల మీద మాత్రం ఒకే వరుస రెండుసార్లు అదే బరువుతో వినిపిస్తే జనం విసుగుపడతారు. స్వరం వీణలు, వేణువులు వాయించాలి, సాహిత్యం అందరూ కలిసి వాయించాలి. వీణ మెత్తటి నాదం అప్పుడు కాస్త వినిపిస్తుంది, వయోలిన్ వాళ్లకు తర్వాతి ఆవర్తం చూసుకునే తీరిక దొరుకుతుంది, కష్టమైన చరణాల్లో సగం భారం దిగుతుంది. కీబోర్డును పూర్తిగా తీసేయక్కర్లేదు, కానీ గమకం ఉన్నచోట అది వాయిస్తే తిన్నటి స్వరం వేరేగా పొడుచుకొస్తుంది. దానికి పల్లవి చివరలు, కార్వెలు, మంగళం ఇవ్వండి.

కూర్చునే తీరు: అర్ధచంద్రాకారంగా, మొత్తం వెడల్పు ఆరు మీటర్లు దాటకుండా. పది మీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి సెకనులో దాదాపు వందింట మూడు వంతులు పడుతుంది. నెమ్మది నడకలో ఇది తెలియదు, అక్షరానికి నాలుగు స్వరాలు పడేచోట చెదిరినట్టు తెలుస్తుంది. దూరంగా ఉన్నవాళ్లు చెవిని కాకుండా తాళం వేసే చేతిని అనుసరించాలి. వీణలు ముందు, వాటి వెనక వేణువులు, రెండు వైపులా వయోలిన్లు, మృదంగం అందరికీ కనపడేలా. వయోలిన్‌లో ప్రతి కొత్తవారి పక్కన ఒక పాతవారు ఉండాలి. కొత్తవాళ్లందరినీ ఒక మూలకు పెడితే ఆ మూలంతా వెనకపడుతుంది.

తనియావర్తనానికి ఒకటే షరతు. ముగింపు కోర్వె (ముందే కూర్చిన లయ అల్లిక) ఎన్ని అక్షరాలది, ఎన్నిసార్లు వస్తుంది, ఎక్కడ పల్లవిలో దిగాలి అన్నది మృదంగం వాళ్లు ముందే చెప్పి, అందరిచేతా తాళం వేయించి నేర్పాలి. వేదిక మీద కొత్త కోర్వె పెట్టకూడదు.

చలికాలం సాయంత్రం, ఆరుబయట అయితే వాయిద్యాల తీరు మారుతుంది. ఉక్కు తీగలు చలికి బిగుసుకుని పైకి పోతాయి. అదే చలికి వేణువు కిందికి జారుతుంది, పది డిగ్రీలు పడితే సుమారు 30 సెంట్లు, అంటే పక్క స్వరానికి ఉన్న దూరంలో దాదాపు మూడో వంతు. రెండూ ఎదురెదురుగా పోతాయి కాబట్టి లోపల శ్రుతి చేసుకుని వేదిక మీదికి వచ్చి మొదలుపెట్టొద్దు. వేదిక మీదే ఇరవై నిమిషాలు కూర్చున్నాక, లైట్లు వేయించి శ్రుతి చూసుకోండి. వర్ణం తర్వాత మళ్లీ ఒకసారి చూసుకోవాలి. మన దగ్గర చలికాలం గాలి పొడిగా ఉంటుంది, వయోలిన్ బిరడలు (తీగలు బిగించే మేకులు) జారతాయి. బిరడ బయటికి తీసి కాస్త సుద్దముక్క రాస్తే పట్టుకుంటుంది. కొత్త తీగలు రెండు వారాల ముందే వేసుకోవాలి. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, కచేరీ రోజు తీగ కోసం పరుగెత్తలేరు, అదనపు సెట్లు రెండు, రోజిన్ (కమానుకు రాసే గుగ్గిలం), తొప్పికి (మృదంగం ఎడమ ముఖానికి) బొంబాయి రవ్వ ముందే సంచిలో పెట్టుకోండి. వీణను మాత్రం ఎండలో మూసి ఉన్న కారులో వదలకండి. మెట్ల (స్వరస్థానాల లోహపు కడ్డీల) కింది మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి. మళ్లీ మేళం కట్టేవాళ్లు (ఆ మెట్లు అమర్చేవాళ్లు) జిల్లాలో అంత సులువుగా దొరకరు.

హాలు ఎలాంటిదో కూడా ముందే చూసి రావాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం లాంటి రాతి మండపంలో శబ్దం ఆగకుండా తిరుగుతుంది, అలాంటి చోట నడక 60కి దించి, స్వరాలను కాస్త విడగొట్టి వాయించాలి. ఫంక్షన్ హాలులో జనం నిండాక శబ్దం తగ్గుతుంది, ఖాళీ హాలులో విన్నది నమ్మకండి. మైకులు పద్దెనిమిది అక్కర్లేదు. వీణలకు మూడు, వయోలిన్ల మీదుగా రెండు, వేణువులకు ఒకటి, అది పక్కనుంచి పెట్టాలి, ఊపిరి నేరుగా తగలకూడదు, మృదంగానికి రెండు. మీ దగ్గర సౌండ్ పెట్టేవాళ్లు ఎక్కువగా పెళ్లిళ్లు, సభలకు పెడతారు, అలవాటుగా ఎకో వేస్తారు. ఎకో పూర్తిగా తీసేయమని, బేస్ తగ్గించమని ముందే చెప్పండి. మానిటర్‌లో (వేదిక మీదివాళ్లకు వినిపించే స్పీకరు) అన్నిటికన్నా ముందు తంబూరా వినిపించాలి. జనరేటర్ ఉన్నా సరే, బ్యాటరీ తంబూరా ఒకటి పక్కన ఉండాలి. కరెంటు పోయి వచ్చే ఆ కొద్ది సెకన్లలోనే శ్రుతి చెదురుతుంది. ఫోన్ యాప్ వాడితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

తీగ తెగితే ఏం చేయాలో ముందే సాధన చేయించండి. తెగినవాళ్లు కమాను దించి కూర్చోవాలి, వెనక శ్రుతి చేసి పెట్టిన అదనపు వయోలిన్ చేతికందాలి, మిగతావాళ్లు ఆగకూడదు. దారి తప్పినవాళ్లు వెతుక్కుంటూ వాయించొద్దు. ఆగి, చేతిని చూసి, తర్వాతి పల్లవిలోనో 'సమయానికి' దగ్గరో కలవాలి. ఒక రిహార్సల్‌లో కావాలనే ఇద్దరిని మధ్యలో ఆపించి మళ్లీ కలవమనండి, భయం పోతుంది.

పాడేవాళ్ల సంగతి. రెండున్నరలో ఆడవాళ్లు కింది షడ్జం పట్టుకుంటే కింది స్థాయి అందదు, పై షడ్జం పట్టుకుంటే పాట మరీ పైకి పోతుంది, మగవాళ్లలోనూ చాలామందికి పైస్థాయి కష్టమవుతుంది. అయిదుకు మార్చితే వీణలు, వేణువులు, మృదంగం అన్నీ మారాలి. అందుకని ఈసారి వాయిద్యాల వరకే ఉంచండి. పాడేవాళ్లు తప్పకుండా కావాలంటే మంగళం ఒక్కటి అందరూ కలిసి పాడొచ్చు, అది చిన్నది, నెమ్మదిది, సభలో ఉన్నవాళ్లకూ వస్తుంది. ఆ రెండు నిమిషాలు వయోలిన్లు ఆపి, తంబూరా, మృదంగం మాత్రమే ఉంచి, పాడేవాళ్లకు సుఖంగా ఉండే శ్రుతికి తంబూరా మార్చుకోండి. మీ దగ్గరున్న రెండు మృదంగాల్లో ఒకటి ఆ శ్రుతికి సరిపడేదైతే దాన్ని అందుకోసమే పక్కన సిద్ధంగా పెట్టుకోండి.